చేతులు చూపించి సంఘంలో చేరినవాళ్ల పిల్లలం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల బాప్టిస్టు సంఘాల అయ్యగార్లకు, డీకన్లకు, కమిటీ పెద్దలకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

నేను కనిగిరి వైపు మెట్ట పల్లెలో పుట్టినదాన్ని. బడిపంతులమ్మగా చేసి రిటైరయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా సండేస్కూలు నడిపాను. ఈ ఉత్తరం చదివే పెద్దల్లో కొందరు చిన్నప్పుడు నా ఎదుట చాపమీద కూర్చుని వాక్యాలు అప్పజెప్పినవాళ్లే. ఆ చనువుతో రాస్తున్నాను. ఎవరి మీదా ఫిర్యాదు చేయాలని లేదు. అయితే అన్నీ బాగున్నాయని రాయడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం మా మందిరానికి తాళం పడింది. కమిటీ ఎన్నికల్లో రెండు వర్గాలు తయారయ్యాయి. లెక్కల పుస్తకం ఎవరి దగ్గరుండాలనే విషయంలో మాట తెగింది. ఒక వర్గం శనివారం రాత్రి తాళం వేస్తే, తెల్లారేసరికి రెండో వర్గం దానిమీద ఇంకో తాళం వేసింది. పదిన్నరకు జనం వచ్చారు, చంకలో బైబిళ్లు, చేతుల్లో చంటిపిల్లలు. గేటు ముందు ఎండలో నిలబడ్డారే గాని ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. కొందరు వెనక్కి తిరిగారు. అప్పుడు డెబ్బై దాటిన ఒక పెద్దమ్మ, పొగాకు గ్రేడింగులో కూర్చుని కూర్చుని నడుము వంగిపోయినావిడ, ప్రహరీ అవతల వేపచెట్టు కిందికి పోయి కొంగు పరుచుకుని కూర్చుంది. రమ్మని ఎవర్నీ పిలవలేదు. తనపాటికి తాను కీర్తన ఎత్తుకుంది. రెండో చరణానికి నలుగురు కలిశారు. కీర్తన అయ్యేసరికి చెట్టు కింద నలభై మందిమి ఉన్నాం.

మైకు లోపలే ఉండిపోయింది. కీబోర్డు లోపలే. అయ్యగారు ఆ గొడవ వల్ల రాలేకపోయారు. ప్రార్థన ఎవరు చేస్తారా అని అటూ ఇటూ చూస్తుంటే వెనకనుంచి ఒకతను లేచాడు. బెంగళూరు బేల్దారి పనికి పోయి, పరంజా మీంచి జారిపడి, కాలు విరిగి ఇంటికొచ్చినవాడు. పదేళ్లలో మందిరంలో అతని గొంతు నేనెప్పుడూ వినలేదు. "ప్రభువా, నాలుగు నెలలుగా పని లేదు. ఇంట్లో బియ్యం లేవు. నీకు తెలుసు" అన్నాడు. అంతే, ఇంక మాట పెగల్లేదు. కర్ర ఆనుకుని అలాగే నిలబడ్డాడు. చెట్టు కింద అందరూ ఏడ్చారు.

ఆ సాయంత్రం ఇద్దరు మగవాళ్లు అతనింటికి బియ్యం మూట మోసుకెళ్లారు. ఒకాయనది మొదటి తాళం వర్గం, రెండో ఆయనది రెండో తాళం వర్గం. ఆ నాలుగు నెలలూ అతను ప్రతి ఆదివారం మూడో బెంచీలో, మా మధ్యే కూర్చున్నాడు. అతనింట్లో బియ్యం లేవన్న సంగతి మందిరానికి తాళం పడేదాకా మాకెవరికీ తెలియలేదు.

ఐదు ఆదివారాలు వేపచెట్టు కింద కూడుకున్నాం. ఆరో వారం పెద్దలు రాజీపడి తాళాలు తీశారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం దుఃఖం వచ్చింది. నెల తిరిగేసరికి అంతా మునుపటిలాగే అయింది. ప్రకటనలు, చందాల చదివింపు, ప్రత్యేక పాట, ప్రసంగం, ఆశీర్వాదం. కాలు విరిగినతను మళ్లీ మూడో బెంచీలో మౌనంగా కూర్చున్నాడు.

అప్పటినుంచి ఒక ప్రశ్న నన్ను పట్టుకుని వదలడం లేదు. ఒక ఆదివారం పరిశుద్ధాత్మ మన మందిరానికి రాకపోతే ఆ రోజు ఆరాధనలో ఏ అంశం ఆగిపోతుంది? ఆ తేడా మనలో ఎవరికి తెలుస్తుంది? అయ్యగార్లూ, ఈ ప్రశ్న మీరు మీ గదిలో తలుపు వేసుకుని అడుక్కోవాలని ప్రాధేయపడుతున్నాను.

ప్రకటన గ్రంథంలో సార్దీసు సంఘానికి ప్రభువు రాయించిన ఉత్తరం పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. బతికున్నావని పేరుంది గాని చచ్చావు అన్నాడు. మిగతా సంఘాల ఉత్తరాలతో పక్కపక్కన పెట్టి చదివితే ఒకటి కనిపిస్తుంది. సార్దీసుకు హింస ఉన్నట్టు రాయలేదు. దొంగ బోధకులు చొరబడ్డారనీ లేదు. బయటినుంచి ఏ దెబ్బా తగలకుండానే ఆ సంఘం చచ్చింది, పైగా ఊరంతా దాన్ని బతికే ఉందనుకుంది. నన్ను భయపెట్టేది అదే. ఆ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది, మిగిలి ఉన్నవాటిని బలపరచమని. కాబట్టి ఇంకా మిగిలినవి ఉన్నాయి. వేపచెట్టు కింద నేను వాటిని కళ్లతో చూశాను.

మన చరిత్ర మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2,222 అనే అంకె వార్షికోత్సవాల ఫ్లెక్సీల మీద చూస్తూనే ఉన్నాం. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే అంతమంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందురోజూ మర్నాడూ కలిపితే 3,536 మంది. ఆ నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది మన తెలుగు బోధకులే. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకున్నారు. ఇదంతా మనం గర్వంగా చెప్పుకుంటాం. కాని ఆ అంకెకు ముందు పదిహేను నెలలు ఉన్నాయి. వాటి గురించి ఏ ఫ్లెక్సీ మీదా నేను చూడలేదు.

ధాత కరువు. 1876 నుంచి 78 దాకా ఈ నేల మీద మనుషులు గుంపులు గుంపులుగా చచ్చిపోయారు. ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, కూలి ఇచ్చి వేలమందిని బతికించారు. మన బోధకులే మేస్త్రీలు. పగలు గంపలు మోయించి, పొద్దుగూకాక మట్టిగుట్టల పక్కన కూర్చుని యేసు మాట చెప్పేవాళ్లు. జనం బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వనన్నారు. ఒకరిద్దరికి కూడా ఇవ్వలేదు. కరువు సాయం తన చేతిలో ఉన్నంతకాలం, పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపేశారు. గంజి గిన్నె చేతిలో పట్టుకుని సంఘంలో చేర్చుకుంటే, వచ్చినవాడు గంజికి వచ్చాడో ప్రభువుకు వచ్చాడో వాడికే తెలియకుండా పోతుంది.

ఈ రోజుల్లో అలా ఎవరు ఆపగలరు? పదిమంది ఎక్కువ వస్తే ఫొటో తీసి పంపుకునే కాలం ఇది. వేలమంది గుమ్మంలో నిలబడి ఉండగా పుస్తకంలో పేర్లు రాయకుండా పదిహేను నెలలు ఊరుకోవాలంటే, సంఘం తనది కాదు, దేవుడిది అన్న నమ్మకం ఎముకల్లో ఉండాలి.

సాయం డబ్బు అయిపోయింది. అప్పుడు వాళ్లు మళ్లీ వచ్చారు. ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు అని ఆయన చెప్పారు. వాళ్లిచ్చిన జవాబు ఆయన జ్ఞాపకాల్లో రాసి ఉంది. నా మాటల్లో చెబుతాను. మాకు సాయం వద్దు. మా చేతుల మీద బొబ్బలు చూడండి, పని చేశాం, ఇకముందూ చేస్తాం. వచ్చే పంట కూడా పోతే చస్తాం. చచ్చేది క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వండి.

అయ్యగార్లూ, ఆ చేతులు మా ముత్తాతలవి. మీ ముత్తాతలవి కూడా. ప్రభువును నమ్ముకుంటే వచ్చే ఏడు వానలు పడతాయని వాళ్లు అనలేదు. పంట పోయినా అన్నారు. హబక్కూకు చివర్లో పాడిన పాట అదే కదా, అంజూరపు చెట్టు పూయకపోయినా, చేను పైరు ఇవ్వకపోయినా, కొట్టంలో పశువులు లేకపోయినా నా దేవుడిలో సంతోషిస్తాను అని. బోరు ఎండిపోయి బత్తాయి తోట కొట్టేసుకున్న రైతుకు, అకాల వానకు పొగాకు తడిసి వేలంలో ధర రానివాడికి, వైరస్ తగిలి రొయ్యల గుంట ఖాళీ చేసుకున్నవాడికి ఆ అధ్యాయం మీద మీరు ప్రసంగం చెప్పి ఎన్నాళ్లయింది?

దానికి బదులు ఏం వింటున్నామో నేను చెప్పక్కర్లేదు. ఇంత కానుక విత్తితే అంత కోస్తావు. ఈ నూనె రాసుకుంటే ఆ జబ్బు పోతుంది. నేను స్వస్థతను కాదనడం లేదు. మా తమ్ముడికి డాక్టర్లు చేతులెత్తేసిన జ్వరంలో మా అమ్మ మూడు రాత్రులు మోకాళ్ల మీద ఉండటం చూశాను, వాడు లేచి కూర్చోవడమూ చూశాను. అదే అమ్మ ఇంకో బిడ్డ కోసం అంతే ప్రార్థన చేసింది. ఆ బిడ్డ దక్కలేదు. అమ్మ రెండుసార్లూ ఒకే దేవుడిని స్తుతించింది. పిల్లలకు విశ్వాసం గురించి నేను చెప్పిన ప్రతి పాఠం వెనక ఆ బిడ్డ దక్కని రాత్రి ఉంది.

మా పక్క వీధిలో ఒక చిన్న జంటకు నాలుగేళ్ల పాప పోయింది. ఆ వారంలో మా దగ్గర ఉజ్జీవ కూటాలు. బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు ఒకాయన, పేరు నాకనవసరం, వేదిక మీంచి ఆ తల్లిని చూస్తూ విశ్వాసం పూర్తిగా ఉంటే బిడ్డ బతికేది అన్నాడు. వేదిక మీద మా పెద్దలు తొమ్మిదిమంది కూర్చున్నారు. ఒక్కరూ నోరెత్తలేదు. కింద కూర్చున్న నేనూ ఎత్తలేదు. ఆ పాపంలో నా వంతు నేను ఒప్పుకుంటున్నాను. ఆ అమ్మాయి ఆ రాత్రి నుంచి మందిరం గడప తొక్కలేదు. రెండేళ్లు.

ఆ అమ్మాయిని వెనక్కి తీసుకొచ్చింది ఏ ఉజ్జీవ కూటమూ కాదు. వేపచెట్టు కింద కీర్తన ఎత్తుకున్న ఆ పెద్దమ్మే. రోజూ సాయంత్రం చెంబుతో మజ్జిగ పట్టుకుని పోయి ఆ అరుగు మీద కూర్చునేది. ప్రార్థనకు రమ్మని అడగలేదు, వాక్యం చెప్పలేదు. ఆర్నెల్ల తర్వాత ఒకరోజు ఆ అమ్మాయే, "దేవుడు నా మీద కోపంగా ఉన్నాడా పెద్దమ్మా?" అని అడిగిందట. "నా ఇద్దరు బిడ్డల్ని పూడ్చిపెట్టి వచ్చాను తల్లీ. ఆయన నాతోపాటే ఇంటికి నడిచొచ్చాడు" అని చెప్పిందట ఈవిడ. సెమినరీ మెట్లెక్కని మనిషి. మన జిల్లాల్లో సంఘం ఇంకా బతికి ఉందంటే ఇలాంటి మనుషుల వల్ల ఉంది. కమిటీ జాబితాలో వీళ్ల పేర్లు ఉండవు, వార్షిక నివేదికలో వీళ్ల పని కనిపించదు.

యర్రగుంట్ల పేరయ్య గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. 1866లో ఆ తోళ్ల వ్యాపారి, పడమటి మెట్ట నుంచి వచ్చిన మాదిగ మనిషి, భార్య నాగమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని క్లౌ దొర బడిలో చదివే పెద్ద కులాల పిల్లలు తేల్చి చెప్పారు. క్లౌ దొర ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో ఏం చేయాలో తోచక బైబిలు తెరిస్తే, ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు దొరికింది. లోకం తక్కువగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడనే మాట. బడి ఖాళీ అయింది. సంఘం మొదలైంది. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. అలా మొదలైన సంఘాల్లో ఈ రోజు కమిటీ ఎన్నికలొస్తే ఫలానావాళ్ల ఓట్లు ఎన్ని, ఇవతలివాళ్ల ఓట్లు ఎన్ని అని మాల, మాదిగ లెక్కలు కట్టుకుంటున్నాం. మా మందిరంలో రెండు తాళాల వెనక ఉన్నది అదే. ప్రభు బల్ల దగ్గర ఒకే రొట్టె విరుచుకుని, గేటు దాటగానే విడిపోయే మనం సువార్తలో ఏ భాగం నమ్ముతున్నాం?

ఒంగోలులో ప్రార్థన కొండ ఉంది. చిన్నప్పుడు మా నాన్న నన్ను చీకటితోనే లేపి ఒకసారి ఎక్కించాడు. చలికి వణుకుతూ, "ఇక్కడ ఏముంది నాన్నా?" అన్నాను. "ఏమీ లేదు. ఐదుగురు మోకరించిన చోటు" అన్నాడు. 1854 జనవరి 1న తెల్లవారుజామున నెల్లూరులో ఉన్న అమెరికా మిషనరీ జ్యూయెట్ దొర, దొరసాని, క్రిస్టియన్ నర్సు అనే పేరున్న తెలుగు సోదరుడు, జూలియా, రూతు ఆ గుట్ట ఎక్కి ఒంగోలుకు ఒక మనిషిని పంపమని దేవుడిని అడిగారు. అంతకుముందు ఏడే అమెరికాలో ఈ తెలుగు మిషన్‌ను మూసేయాలా అని పెద్దలు సభలో వాదించుకున్నారు. పటం మీద ఒంటరి చుక్కలా ఉందని ఒంటరి నక్షత్రం అని పేరు పడింది దీనికి. ఐదుగురు అడిగిన ఆ మనిషి, క్లౌ దొర, ఒంగోలులో అడుగుపెట్టింది 1866లో. పన్నెండేళ్లు. ఈ మధ్యలో మిషన్ మూసేద్దామనే మాట మళ్లీ వచ్చింది. సెలవు మీద స్వదేశంలో ఉన్న జ్యూయెట్, మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి పోతాను, అక్కడే చస్తాను అన్నారు. ఆ పన్నెండేళ్లలో నివేదిక రాస్తే ఏం రాసేవాళ్లు? చూపించడానికి చేతిలో ఏమీ లేదు. అయినా మోకాళ్లు ఎత్తలేదు.

మనకు పన్నెండు వారాల ఓపిక ఉందా? బుధవారం ప్రార్థనకు ఎవరూ రావడం లేదని ఎత్తేసిన సంఘాలు నాకు తెలిసే నాలుగున్నాయి. మాదీ అందులో ఒకటి. ఆఖరి రోజుల్లో ఐదుగురు వచ్చేవాళ్లు. ఐదుగురే కదా అని ఆపేశాం. ప్రార్థన కొండ మీద ఎంతమంది ఉన్నారో ఆ రోజు మాలో ఒక్కరికీ గుర్తు రాలేదు.

నేను మిమ్మల్ని అడిగేది ఒకటే. ఆ ప్రార్థనను మళ్లీ పల్లెల్లోకి, ఇళ్ల అరుగుల మీదికి తీసుకురండి. మందిరంలో పెట్టి రమ్మని పిలిస్తే రారు. బేల్దారి పనికి పోయినవాడి ఇంట్లో, పిల్లలు అమెరికాలో ఉండి ఒంటరిగా మిగిలిన ముసలివాళ్ల ఇంట్లో, కిడ్నీ జబ్బుతో వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తిరిగేవాడి ఇంట్లో పెట్టండి. మైకు వద్దు. టీ, బిస్కెట్ల ఖర్చు వద్దు. అయ్యగారే వాక్యం చెప్పాలని కూడా పెట్టుకోవద్దు. ఇంటివాళ్లు తమ కష్టం తమ నోటితో చెప్పాలి, పక్కవాళ్లు వాళ్ల పేరెత్తి ప్రార్థన చేయాలి. కాలు విరిగినతని లాంటివాళ్లకు గొంతు వచ్చేది అక్కడే.

ఇంకొన్ని కూడా మనసులో ఉన్నాయి, తొందరగా చెప్పేస్తాను. లెక్కల పుస్తకం మూడు నెలలకోసారి సంఘం ముందు తెరవండి. మందిరం తాళాల్లో సగం ఆ పుస్తకం మూసి ఉండటం వల్లే పడుతున్నాయి. విశ్వాసులు విశ్వాసుల మీద వేసుకున్న కోర్టు కేసుల వాయిదాలకు పెట్టే ఖర్చు ఎంతో ఒకసారి బయటికి చదవండి, మిగతాది సంఘమే చూసుకుంటుంది. శిఖరం ఇంకా ఎత్తు పెంచాలని చందా పుస్తకం పట్టుకొచ్చే ముందు, ఆ పల్లెలో బాప్తిస్మం తీసుకుని ఆర్నెల్లుగా మందిరానికి రానివాళ్ల ఇళ్లకు ఒక్కసారి పోయి రండి.

వలసపోయినవాళ్ల గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. మా పల్లెలో సగం ఇళ్లకు ఏడాదిలో ఎనిమిది నెలలు తాళాలే. హైదరాబాదులో, బెంగళూరులో కట్టే మేడల కిందే రేకుల షెడ్లలో ఉంటారు మన సంఘ సభ్యులు. క్రిస్మస్‌కు వచ్చినప్పుడు చందా రాయించుకుంటాం. మిగతా రోజులు వాళ్లు ఎలా ఉన్నారో అడిగేవాళ్లు లేరు. 1903లో, కరువును కళ్లారా చూసిన ఆ తరం బతికి ఉండగానే, తెలుగు బాప్టిస్టు హోం మిషన్ సొసైటీ జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు పంపింది. అక్కడి తోటల్లో ఒప్పందం కూలీలుగా పోయిన తెలుగువాళ్ల కోసం, సముద్రం దాటించి. పేద సంఘాలవి. మా నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేసేది, నెలకోసారి ఆ కుండ మందిరానికి పోయేది. అలాంటి పిడికిళ్లతో ఒక మిషనరీని సముద్రం దాటించినవాళ్ల మనవలం, ఒక్క రాత్రి రైలు దూరంలో ఉన్న మన తమ్ముళ్ల షెడ్డుకు పోలేమా? ఏడాదికి రెండుసార్లు ఒక డీకన్, ఒక యువకుడు కలిసి పోయి ఒక ఆదివారం వాళ్లతో ఉండి రావడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక స్టేజీ డెకరేషన్ అంత కూడా కాదు.

ఇవన్నీ చేస్తే సంఘం నిండిపోతుందని నేను మాట ఇవ్వలేను. నిండకపోవచ్చు. క్లౌ దొర బాప్తిస్మాలు ఆపిన నెలల్లో గుండ్లకమ్మలో ఏం జరగబోతోందో ఆయనకు తెలియదు. కొండ మీది ఐదుగురికి అసలే తెలియదు. ఫలితం మనకు కనిపించేదాకా ఆగి అప్పుడు నమ్ముతాం అంటే, దానికి విశ్వాసం అక్కర్లేదు, కళ్లు చాలు.

మా పల్లెలో మేం మొదలుపెట్టాం. పోయిన బుధవారం కాలు విరిగినతని ఇంట్లో కూడుకున్నాం. ఏడుగురం వచ్చాం. పాప పోయిన ఆ అమ్మాయి దీపం దగ్గర కూర్చుని వాక్యం చదివింది. వచ్చే బుధవారం పెద్దమ్మ ఇంట్లో, రాత్రి ఏడున్నరకు. ఆవిడకు వారం రోజులుగా ఒంట్లో బాగాలేదు, మంచం దగ్గరే కూర్చుంటాం. మీలో ఎవరైనా రాగలిగితే రండి. కుర్చీలు ఉండవు, చాప వేస్తాం. వాన వస్తే పక్కింటి వరండాలో కూర్చుంటాం.

ప్రభువునందు మీ సహోదరి,
ఒక సండేస్కూలు టీచరు